నూనె తాగిన మోటారు

నాకు ముక్కు మీదే కోపం అని మా అక్క ఊరంతా చెబుతుంది. ఆరోజు పొద్దున మాత్రం ఇంట్లో కోపమంతా తనదే. కారు తలుపు ధడాలున వేసి లోపలికొచ్చి, తాళాలు బల్ల మీద గిరాటేసి, "తిరగట్లేదు. ఎన్నిసార్లు మీట తిప్పినా తిరగట్లేదు" అంది.

తిరగనిది కారు హీటరు ఫ్యాను. మామూలు రోజయితే దాన్ని నాలుగు తిట్లు తిట్టి, అద్దం గుడ్డతో తుడుచుకుంటూ పోయేవాళ్లం. కానీ ఆ మధ్యాహ్నం రెండింటికి అక్కకు డ్రైవింగ్ పరీక్ష. బయట చలి ఎముకలు కొరుకుతోంది, గోడ పక్క గడ్డి మీద మంచు పేరుకుపోయింది. ఇలాంటి రోజుల్లో పరీక్ష పెట్టే అధికారి కార్లో కూర్చోగానే మొదట చేసే పని హీటరు మీట తిప్పి చూడటం. ముందు అద్దానికి పట్టిన ఆవిరి పోవాలి. పోతే బండి కదులుతుంది. పోకపోతే "మీ బండి పనికిరాదు, మళ్లీ రండి" అని అక్కడికక్కడే దిగిపోతాడు. కిందటిసారి మా ముందు ఉన్నాయన్ని అలా వెనక్కి పంపడం మేం కళ్లారా చూశాం. మళ్లీ అంటే చలికాలం దాటాకే.

అక్క అన్నాళ్లు ఆగడానికి లేదు. పెద్దాస్పత్రి నుంచి కొండ మీది ల్యాబుకు రక్తం సీసాలు మోసే కారుకు డ్రైవరు కావాలన్నారు. అక్క వెళ్లి మాట్లాడింది. వాళ్లకు నచ్చింది. మర్నాడు పొద్దున లైసెన్సుతో రమ్మన్నారు, లేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అప్పటికే పరీక్ష రెండుసార్లు తప్పిన మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ మా బావ కుట్టు మిషన్ల రిపేరు షాపులో కౌంటరు వెనక కూర్చుని, బాబిన్లకు దారాలు చుడుతూ, వచ్చినవాళ్లతో "సాయంత్రానికి రెడీ అయిపోతుందండీ" అని చెబుతూ బతికింది. ఆ కుర్చీలోంచి లేవాలని అక్కకు ఎంత ఉందో నాకొక్కదానికే తెలుసు. బావకు తెలుసో లేదో, ఆ పొద్దున దాకా నాకు తెలియదు.

వీధి చివర కార్ల మెకానిక్‌కు ఫోను చేశాం. "కొత్త మోటారు తెప్పించాలమ్మా, ఎల్లుండికి వస్తుంది" అన్నాడు. ఇంకెవరి కారన్నా అడుగుదామంటే, పరీక్షకు ఏ బండి తెస్తామో ముందే రాసిచ్చేశాం. మార్చడానికి లేదు.

"మీకేం, నిక్షేపంలా టీ తాగుతున్నారు! నిన్న రాత్రి ఒకసారి చూసి ఉంటే ఏం పోయేది?" అని అక్క బావ మీద విరుచుకుపడింది.

బావ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. "మోటారే కదా. నేను పుట్టింది మోటార్లు విప్పడానికే. నువ్వెళ్లి తయారవ్వు. డాక్టరమ్మా, నువ్వు రా, లైటు పట్టుకుందువుగాని."

డాక్టరమ్మ అంటే నేనే. నేను పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిని. పొద్దస్తమానం జనం నోళ్లలోకి లైటు పట్టుకోవడమే నా ఉద్యోగం. అక్క పెళ్లయ్యాక వాళ్లింట్లోనే ఉండి చదువుకున్నాను కాబట్టి బావకు నన్ను ఏడిపించే హక్కూ, నాకు బావను దులిపే హక్కూ రెండూ పుష్కలంగా ఉన్నాయి.

బావ ముందు సీటు వెనక్కి నెట్టి, వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కింద దూర్చాడు. ఆయన తాడిచెట్టంత మనిషి. కాళ్లు తలుపు బయటికి, రోడ్డు మీదికి వచ్చేశాయి. దారినపోయే పెద్దాయనొకరు ఆగి, "ఏమన్నా సాయం కావాలా బాబూ?" అని ఆ కాళ్లనే అడిగాడు.

"అక్కర్లేదండీ" అన్నాయి కాళ్లు.

నాకు నవ్వొచ్చింది. అదే ఆ పూటకు ఆఖరి నవ్వు.

కాగితాలు పెట్టుకునే అరను ముందు ఊడదీశాడు. దాని వెనక, పైకి, నల్లటి డబ్బా ఒకటుంది. హీటరు మోటారు అందులోనే, కిందికి చూస్తూ, మూడు స్క్రూలతో బిగించి ఉంది. రెండు స్క్రూలు తేలిగ్గానే వచ్చాయి. మూడోది ఎక్కడో లోపల మూలకు ఉంది. బావ చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, వేళ్లతోనే చూస్తూ తిప్పుతున్నాడు. ఒక్కో చుట్టుకూ ఒక్కో నిట్టూర్పు. ఆయన పని నిదానం, అది నాకు కొత్త కాదు. సూదిలో దారం ఎక్కించే నిదానం. అయినా ఆరోజు అది చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

"కాస్త తొందరగా బావా."

"తొందరపడితే స్క్రూ తల అరిగిపోతుంది. అప్పుడు తొందరపడటానికి కూడా ఏమీ ఉండదు."

మొత్తానికి మోటారు చేతిలోకి వచ్చింది. పెద్ద దబ్బపండంత ఉంది, దాని మీద ఉడత పంజరంలా గుండ్రటి ఫ్యాను. బానెట్ ఎత్తి, రెండు తీగలు పట్టుకుని, నేరుగా బ్యాటరీకి కలిపి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. స్క్రూడ్రైవరు పిడితో మోటారు నెత్తి మీద టకటకా కొట్టాడు. ఫ్యాను ఒక్క అర చుట్టు తిరిగి మళ్లీ ఆగిపోయింది.

"బతికే ఉంది" అన్నాడు బావ. "లోపల కార్బన్లు ఇరుక్కుపోయాయి, అంతే."

మోటారు లోపల రెండు చిన్న బొగ్గు ముక్కలుంటాయట. వాటినే కార్బన్లంటారు. వాటి వెనక స్ప్రింగులుంటాయి. ఆ ముక్కలు మధ్యలో తిరిగే రాగి చుట్టును చెరోవైపు తాకుతూ ఉంటేనే దానికి కరెంటు అందుతుంది. అవి తమ గూట్లో ఇరుక్కుని ముందుకు రాకపోతే మోటారు ఎంత మంచిదైనా తిరగదు. ఈ సంగతి బావ నాకు చెబుతూ వంటింట్లోకి నడిచాడు. ఆయన గొంతులో ఏదో తేడా ఉందనిపించింది, ఏమిటో పోల్చుకోలేకపోయాను.

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచాం. గోడ గడియారం పన్నెండు దాటేసింది. పక్క గదిలో అక్క నిలువుటద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని పరీక్ష నెమరువేసుకుంటోంది. "అద్దం చూడాలి. ఇండికేటరు వెయ్యాలి. భుజం మీంచి చూడాలి. అప్పుడు తిప్పాలి." మళ్లీ మొదటికి. "అద్దం చూడాలి. ఇండికేటరు..." గోడవతల నుంచి ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.

బావ మోటారు వెనక రేకు చెవులు నాలుగూ ఎత్తి మూత తీశాడు. నేను లైటు వేశాను. లోపలంతా నల్లటి జిడ్డు. కాటుకలో నూనె కలిపి మెత్తినట్టుంది. కార్బన్లు కూర్చునే గూళ్లు ఆ జిడ్డులో మునిగిపోయి కనబడటం లేదు.

అప్పుడు వాసన తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. ఆ ఇంట్లో పెరిగిన ఎవరికైనా తెలుస్తుంది. బావ చొక్కాలకు, షాపు తాళాలకు, చిన్నప్పటి నా స్కూలు సంచికి కూడా అదే వాసన. కుట్టు మిషను నూనె.

"కారు మోటార్లోకి మిషను నూనె ఎలా వచ్చింది బావా?"

బావ చేతిలో మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

మా బావ వైద్యం సంగతి చెప్పాలి ఇక్కడ. ఎక్కడ చప్పుడొస్తే అక్కడ ఒక చుక్క. అదీ ఆయన వృత్తి ధర్మం. పొడుగాటి ముక్కున్న నూనె డబ్బా ఎప్పుడూ జేబులోనే. తలుపు బందులకు, గొడుగు ఊచలకు, ఒకసారి నేను నిద్రపోతుంటే నా కళ్లద్దాల కాడకు కూడా వేశాడు. ఆ చుక్కతో చచ్చిన మిషన్లను ఎన్నింటినో లేపాడు, కాదనను. కానీ అదే మనిషి, కార్బన్లున్న మోటారుకు మాత్రం నూనె చుక్క తగలకూడదని షాపుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెబుతాడు. నూనె, బొగ్గుపొడి కలిస్తే జిగురైపోతుందని, మోటారు చచ్చిపోతుందని నేనే వందసార్లు విన్నాను.

"నువ్వే పోశావు కదూ?"

"చుక్క వేశా. పోయలేదు." తల ఎత్తలేదు. "నాలుగు రోజులుగా కిర్రుమంటోంది. మీ అక్క అసలే కంగారు మనిషి, పరీక్షలో ఆ చప్పుడుకి చేతులు వణికితే ఎలా అని. కింద పడుకుని, చీకట్లో, బేరింగు ఇక్కడుంటుందని చేత్తో తడిమి వేశా. ఆగలేదు. మళ్లీ వేశా. అప్పుడు ఆగింది."

"అప్పుడు మోటారే ఆగింది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క ఈ ఉద్యోగం సంగతి చెప్పిన రోజు బావ అన్న మాట గుర్తొచ్చింది. "ఇప్పుడెందుకు అదంతా" అన్నాడు, అంతే. డ్రైవింగు నేర్పేటప్పుడు పక్కన కూర్చుని, కారు గుంతలో పడినప్పుడల్లా తన కడుపులో పడ్డట్టు మొహం పెట్టేవాడు. అన్నీ కలిపి చూస్తే నాకు ఒకటే అర్థం కనిపించింది. గొంతు తగ్గించి, గోడవైపు చూస్తూ అడిగేశాను.

"కావాలనే చేశావా?"

బావ చేతులు ఆగిపోయాయి. ఆయన చేతులు పని మధ్యలో ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కగదిలో అక్క "భుజం మీంచి చూడాలి" అంటోంది.

"లైటు సరిగ్గా పట్టుకో" అన్నాడు చివరికి. "తరవాత తిడుదువుగాని."

అవునని అనలేదు, కాదనీ అనలేదు. నా మనసు విరిగిపోయింది. అయినా లైటు పట్టుకున్నాను. నా సంచిలోంచి స్పిరిటు సీసా, దూది ఉండలు, పళ్లు గీకే సన్నటి కొక్కెం తీసిచ్చాను. అవి ఎప్పుడూ నా దగ్గరుంటాయి, అక్క వాటిని చూసి నవ్వుతుంది. బావ దూదిని స్పిరిటులో ముంచి రాగి చుట్టును తుడవసాగాడు. ఒక ఉండ నల్లబడగానే ఇంకోటి. నాలుగైదు ఉండలయ్యేసరికి జిడ్డు కింది నుంచి రాగి ఎర్రగా బయటపడింది. ఒక కార్బన్ స్పిరిటు తగలగానే వదులై, గూట్లోంచి టక్కున ముందుకొచ్చింది. మా ఇద్దరి ప్రాణాలూ లేచొచ్చాయి.

రెండోది రాలేదు. బావ కొక్కెం మొన దాని వెనక్కి పోనిచ్చి మెల్లగా ఎత్తాడు. కదిలింది. ఇంకాస్త ఎత్తాడు. సన్నగా, సుద్దముక్క విరిగినట్టు చప్పుడైంది. కార్బన్ రెండు ముక్కలై దుప్పటి మీద పడింది.

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒకటింటికి అటూ ఇటూగా ఉంది. ఆ ముక్క ఏ దుకాణంలో దొరుకుతుందో, దొరికినా ఎప్పుడు తెస్తామో. బావ విరిగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు అడిగిందానికి చెప్తా విను" అన్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "నూనె కావాలని వెయ్యలేదు. నీ మీదొట్టు. మంచే అనుకున్నా. కానీ పొద్దున మీ అక్క వచ్చి తిరగట్లేదని అరిచింది చూడు, అప్పుడు... ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. పోన్లే, ఇక ఎక్కడికీ వెళ్లదు అనిపించింది. ఈ మంచులో, ఆ కొండదారిలో ఒక్కతే తిరుగుతుంటే నేను షాపులో కూర్చుని ఏం పని చెయ్యగలను? ఆ కౌంటరు వెనక తను లేకపోతే నాకసలు ఎలా ఉంటుందో ఊహకే అందట్లేదు. అదీ సంగతి. అది కూడా నిజమే. అందుకే నువ్వడిగితే కాదని చెప్పలేకపోయా."

నేను ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు రాలేదు. నా గురువంత మనిషి, నాకు సైకిలు నేర్పినవాడు, ఎదురుగా మొహం మాడ్చుకుని కూర్చుంటే ఏమనాలి? కోపం పోలేదు, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది.

అప్పుడు తెలిసింది, పక్కగదిలో గొంతు ఎప్పుడో ఆగిపోయిందని. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. కోటు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, తయారై ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నేను లైటు ఆర్పేశాను, ఎందుకో.

అక్క బావవైపు చూడలేదు. బల్ల దగ్గరికొచ్చి, విరిగిన ముక్కను చూసింది. "ఇది మిషను మోటారులో ఉండేలాంటిదే కదా?"

"అదే. కాకపోతే ఇది సన్నం" అన్నాడు బావ.

"నా మిషనువి తీయండి. అరగదీస్తే సరిపోతుందేమో."

అక్క మిషను కిటికీ దగ్గర ఉంటుంది. ఎవరినీ ముట్టుకోనివ్వదు. బావ షాపులో ఎన్ని మిషన్లున్నా, అది మాత్రం తనది. కార్బన్ తీస్తే మళ్లీ జత దొరికేదాకా అది కుట్టదు. బావ అక్క మొహం చూసి లేచాడు. అక్కే గుడ్డ కవరు తీసి, మోటారు పక్కనున్న చిన్న బిరడా తానే విప్పి, కార్బన్ ముక్కను ఆయన చేతిలో పెట్టింది.

ఆ తరవాత బావ పనిచేసిన తీరు నేను మరచిపోలేను. ఉప్పుకాగితం బల్ల మీద పరిచి, ఆ ముక్కను నాలుగు పక్కలా రుద్దుతూ, గూట్లో పెట్టి చూస్తూ, మళ్లీ రుద్దుతూ. కొంచెం ఎక్కువ రుద్దితే వదులైపోతుంది. తక్కువైతే మళ్లీ ఇరుక్కుంటుంది. వేళ్లు నల్లగా అయిపోయాయి. నుదుటి చెమట ముక్కు మీదికి జారితే నేను తువ్వాలుతో అద్దాను, మా క్లినిక్‌లో డాక్టరుకు అద్దినట్టే. దానికున్న తీగను టంకం పెట్టి అతికించాడు. అక్క గడియారం వైపు పీట వేసుకుని కూర్చుంది. తొందరపెట్టలేదు. తొందరపెడితేనే బావుండేదనిపించింది నాకు.

"పట్టింది" అన్నాడు బావ.

మూత బిగించి ముగ్గురం బయటికి పరుగెత్తాం. బావ మళ్లీ డాష్‌బోర్డు కింద దూరాడు, కాళ్లు మళ్లీ రోడ్డు మీదికి వచ్చాయి. ఒక స్క్రూ పట్టింది. రెండోది పట్టింది. మూడోది చేతిలోంచి జారి సీటు కింద ఎక్కడో పడింది. ముగ్గురం కాళ్లూ చేతులూ ఆడక వెతికాం, కనబడలేదు.

"రెండు చాలు, ఊడదు" అన్నాడు బావ. "తాళం తిప్పు."

అక్క తాళం తిప్పి, మీట తిప్పింది. ఏమీ కాలేదు. అక్క ఆయన వైపు చూసింది. వంటింట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ చూడటం అదే మొదటిసారి. బావ మోటారు తీగల ప్లగ్గు ఇంకాస్త లోపలికి నొక్కాడు. ఒక్కసారిగా గాలి రొద మొదలైంది. కాలిన నూనె వాసన గుప్పుమంది. అద్దం కింది అంచు నుంచి ఆవిరి మెల్లగా పైకి తొలగిపోతూ, ముందు కాలిబాట, తరవాత గోడ, తరవాత రోడ్డు కనిపించాయి.

ఎవరమూ కేకలు వెయ్యలేదు. "ఎక్కండి" అంది అక్క. బండి బావే నడిపాడు. పరీక్షకు ముందు అక్క చేతులు అలిసిపోకూడదని.

పరీక్ష ఆఫీసు ముందు ఖాళీ స్థలంలో కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. రెండుసార్లూ అక్కను తప్పించిన అధికారే వచ్చాడు. ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, అట్ట పట్టుకుని, ఎవరో ఆయన పెరుగులో రాయి వేసినట్టు మొహం పెట్టుకుని. నేనూ బావా గేటు బయట ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినబడదు, అద్దంలోంచి కనబడుతుంది.

టోపీ ఆయన చెయ్యి చాచాడు. మీట తిప్పాడు. ముక్కు ఎగబీల్చాడు. అక్కతో ఏదో అన్నాడు. అక్క ఏదో జవాబు చెప్పింది. మళ్లీ ఏదో అన్నాడు. తలుపు తీసి దిగాడు.

"అయిపోయింది" అన్నాడు బావ. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వాసన పట్టేశాడు. నా చేతులు విరగ్గొట్టాలి."

ఒక్క మాట చెప్పాలి. ఆ క్షణంలో ఆయన మొహంలో హాయి ఏ మూలా లేదు. నేను వెతికాను. దొరికితే అక్కడికక్కడే చొక్కా పట్టుకుందామనుకున్నాను.

టోపీ ఆయన దిగి, తలుపు సరిగ్గా పడలేదన్నట్టు గట్టిగా లాగి వేసి, మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ఇండికేటరు వెలిగింది. అక్క భుజం మీంచి వెనక్కి చూసింది. కారు గేటు దాటి మా ముందునుంచే వెళ్లిపోయింది. అక్క మావైపు కన్నెత్తి చూడలేదు, చూడకూడదు కూడా.

ఇక చూడాల్సింది ఒక్కటే. రెండుసార్లూ మధ్యలోనే పరీక్ష ఆపేసి, అక్కను పక్కకు జరిపి, ఆ టోపీ ఆయనే కారు నడుపుకుంటూ వెనక్కి వచ్చాడు. అందుకని ఫలితం కాగితం మీద చూడక్కర్లేదు. మలుపు తిరిగి వచ్చే కార్లో స్టీరింగు ముందు ఎవరున్నారో చూస్తే చాలు.

"నేను అరగదీసిన కార్బన్ కాస్త బిగువుగానే ఉందేమో" అన్నాడు బావ. కాసేపాగి, "వేడెక్కితే ఇంకా బిగుస్తుంది. మధ్యలో ఆగిందంటే ముందు అద్దం మూసుకుపోతుంది" అన్నాడు.

"నోరు ముయ్యి బావా."

మూసుకున్నాడు. ఇనుప కమ్మీ మీద ఆయన వేళ్ల నల్లటి మరకలు పడుతున్నాయి. నాకు చేతులు కొంకర్లు పోతున్నా జేబులో పెట్టుకోబుద్ధి కాలేదు. ఒక కారు వచ్చింది, మాది కాదు. ఇంకోటి వచ్చింది, అందులో ఎవరో అమ్మాయి ఏడుస్తోంది. చినుకులు కూడా మొదలయ్యాయి. ఈ చినుకులకు అద్దం లోపల ఇంకా ఆవిరి పడుతుందని బావ అనబోతున్నాడని తెలిసి, ఆయనవైపు గుడ్లురిమి చూశాను.

మలుపు దగ్గర మా కారు కనిపించింది. బావ కళ్లు చికిలించుకున్నాడు. "కనబడుతోందా? నాకు కళ్లు మసకేస్తున్నాయి. ఎవరున్నారు?"

అద్దం అంచుల దాకా తేటగా ఉంది. దాని వెనక, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, పెదాలు బిగించుకుని, మా అక్క.

"అక్కే" అన్నాను. బావ కమ్మీ మీద తల వాల్చేశాడు, భుజాలు కదులుతున్నాయి. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కాసేపటికి టోపీ ఆయన అట్ట మీంచి కాగితం చింపి అక్కకిచ్చి, వచ్చేప్పటి మొహంతోనే లోపలికి వెళ్లిపోయాడు.

అక్క కారు మా దగ్గరికి తెచ్చి ఆపింది. "అయింది" అంది. నేను కిటికీలోంచి మెడ దూర్చి ముద్దు పెట్టుకున్నాను. బావ పక్క సీట్లో, ఊడిన అర బయట పెట్టిన తీగల ముందు మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. అక్కే నడిపింది.

"వాసన గురించి ఏమన్నాడు?" అని అడిగాడు బావ.

"ఏంటమ్మా ఈ కంపు అన్నాడు. మా ఆయన ఇంట్లోనే బాగుచేశారు, ఇంకా కొత్త మీదుంది అన్నా. ఆగిపోతే ఏం చేస్తావు అన్నాడు. రోడ్డు పక్కకు తీసి ఆపేస్తా, కనబడకుండా నడపను అన్నా."

చినుకులు అద్దం మీద పడుతున్నాయి, వైపరు తుడిచేస్తోంది. రెండు వీధులు దాటాక అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది. "వంటింట్లో మీరన్న మాట విన్నాను."

"తెలుసు" అన్నాడు బావ.

"పొద్దున మీట తిప్పితే తిరగలేదు చూశారూ. నాకూ అలాగే అనిపించింది. అమ్మయ్య, ఇక వెళ్లక్కర్లేదు అని ప్రాణం హాయిగా అయిపోయింది. మూడోసారి కూడా తప్పితే మీ ఇద్దరి మొహాలూ ఎలా చూడాలో అని రాత్రంతా ఏడ్చాను. ఆ హాయి ఎక్కడ బయటపడుతుందోనని మీ మీద అంతలా అరిచాను."

ఆ ఇంట్లో అన్నీ తెలిసిన మనిషిని నేనేనని పొద్దుటిదాకా నా నమ్మకం.

బావ తన నల్లటి వేళ్లకేసి చూసుకున్నాడు. ఆయన చెయ్యి కాస్త జరిగి అక్క కోటు అంచు మీద ఆగింది, స్టీరింగుకు అడ్డం రాకుండా.

"ముందు ఎర్ర లైటు పడింది" అన్నాడు.

"కనిపిస్తోందండీ" అంది అక్క, బండి నెమ్మదిగా ఆపుతూ.